తవ్వితే పాపం, కొంటే పుణ్యం

సర్కారుకి మన ఊపిరితిత్తుల మీద బెంగ లేదని ఎవరన్నారు? ఆస్‌బెస్టాస్, అదే రాతినార, గనులకు కొత్త లీజులు 1986లోనే ఆపేసింది. 1993లో పాత లీజుల రెన్యువలూ ఆపేసింది. పులివెందుల వైపు రాతినార తవ్వకం మెల్లమెల్లగా ఆగిపోయింది.

దాంతో ఆ నార కలిపి చేసే సిమెంటు రేకులు కూడా ఆగిపోయాయనుకుంటే మీరు ఒట్టి అమాయకులు. రేకుల ఫ్యాక్టరీలు నిక్షేపంగా నడుస్తున్నాయి. రాతినార రష్యా నుంచి, కజకిస్థాన్ నుంచి ఓడలెక్కి వస్తోంది, ఏటా మూడు లక్షల టన్నులకు పైనే. కడప నారతో క్యాన్సర్ వస్తుంది గానీ, సముద్రస్నానం చేసొచ్చిన నారతో రాదు కాబోలు! ఇంకో విశేషం. ఆస్‌బెస్టాస్ చెత్త దిగుమతి మీద మాత్రం నిషేధం ఉంది. చెత్తగా వస్తే గుమ్మం బయటే, సరుకుగా వస్తే మేళతాళాలు.

అమ్మకాలు ఆపండయ్యా అంటే రెండు జవాబులు సిద్ధం. ఒకటి, అది పేదవాడి పైకప్పు. వేరే నారతో అవే రేకులు చేయొచ్చన్న మాట ఈ ప్రేమలో ఎవరికీ వినపడదు. రెండోది, నార సిమెంటులో బిగిసి ఉంటుంది, పద్ధతిగా వాడితే ప్రమాదం లేదు.

ఆ పద్ధతేమిటో మా వీధి చివర షెడ్డు వేస్తుంటే చూశాను. మేస్త్రి మూతికి తువ్వాలు చుట్టుకుని, కటింగ్ మిషన్ రేకు మీద పెట్టాడు. తెల్లటి దుమ్ము లేచి, పక్కింటి దండెం మీద ఆరేసిన బట్టల దాకా వెళ్లింది. పద్ధతి అంటే ఆ తువ్వాలే. ఈ దుమ్ము తెచ్చే జబ్బు బయటపడటానికి ఇరవై ముప్పై ఏళ్లు, ఒక్కోసారి నలభై ఏళ్లు పడుతుంది. అందుకే 1995లో సుప్రీంకోర్టు ఫ్యాక్టరీ కార్మికుల ఆరోగ్య రికార్డులు 40 ఏళ్లు దాచమంది. మేస్త్రి రికార్డు ఎవరు దాస్తారు? అతని కూలి లెక్కే సిగరెట్ పెట్టె వెనకాల ఉంటుంది.

నిషేధం సంగతి అలా ఉంచండి. 'ఇది ప్రమాదకరం' అని కొనేవాడికి ముందే చెప్పాలనే అంతర్జాతీయ జాబితా ఒకటుంది. అందులో ఈ రేకుల్లో వాడే తెల్ల ఆస్‌బెస్టాస్‌ను చేర్చడానికి 2011లో జెనీవాలో మన దేశం ఒప్పుకుంది. 2013కి అడ్డం తిరిగింది. రెండేళ్లలో రాతినార ఏ గంగలో మునిగి పాపం కడుక్కుందో!

అన్నట్టు, మేస్త్రి మిగిలిన ముక్క పారేయలేదు. కోళ్ల గూటికి పనికొస్తుందని సైకిలు వెనక కట్టుకుని ఇంటికి తీసుకెళ్లాడు.