ఇంకో ఐదుగుర్ని దించండి!

హైదరాబాద్‌లోని మౌలాలి పొరుగునే 1967లో పుట్టిన ఈసీఐఎల్ సంస్థ, దేశానికి తొలితరం స్వదేశీ కంప్యూటర్లు చేసిపెట్టింది. అదే మౌలాలిలో ఇల్లు కట్టుకున్న నేటి సాఫ్ట్‌వేర్ ఉద్యోగి మాత్రం కోడ్ రాయడానికి తరచూ నగరానికి ఆ చివరనున్న హైటెక్ సిటీ దారి పట్టాల్సిందే. 2024 మార్చిలో ఘట్‌కేసర్ నుంచి మౌలాలి, హైటెక్ సిటీల మీదుగా లింగంపల్లికి ఎంఎంటీఎస్ లోకల్ రైలు మొదలైంది కాబట్టి దారి కాస్త తేలికైంది.

ఆఫీసు చేరాకే అసలు ప్రయాణం. దాని పేరు స్టాండప్ మీటింగ్.

సాఫ్ట్‌వేర్ బృందాలు పాటించే స్క్రమ్ పద్ధతి ప్రకారం ఈ రోజువారీ సమావేశానికి 15 నిమిషాలే గడువు. కాళ్లు నొప్పెట్టి త్వరగా ముగిస్తారని నిలబెట్టే ఆనవాయితీ వచ్చింది. మన మేనేజర్లు దయామయులు, అందరికీ కుర్చీలు వేయించారు. ఇప్పుడది గంటంపావు.

ప్రాజెక్టు ఆలస్యమైందా? ‘ఇంకో ఐదుగుర్ని దించండి!’ ఐబీఎంలో ఓఎస్/360 తయారీని నడిపించిన ఫ్రెడ్ బ్రూక్స్, ఆలస్యమైన పనికి కొత్తవాళ్లను చేరిస్తే ఇంకా ఆలస్యమవుతుందని 1975లోనే పుస్తకం రాశాడు. వచ్చినవాళ్లకు పని నేర్పాల్సింది పాతవాళ్లే కదా! పైగా మాటామాటా కలవాల్సిన జతలు ఐదుగురిలో 10, పదిమందిలో 45, ఇరవైమందిలో 190. మంది ఎక్కువైతే మజ్జిగ పలచనని మౌలాలి బామ్మలకు ఐబీఎం చెప్పక్కర్లేదు.

మేనేజర్లు బ్రూక్స్‌ను పట్టించుకోలేదంటే మాత్రం అన్యాయం. ఆయన పుస్తకం ప్రస్తుతం వాళ్ల బల్లల మీద ల్యాప్‌టాప్‌కు ఎత్తుపీటగా పనిచేస్తోంది.