వైశాఖమున తాజా చేప

కుటుంబసమేతముగా తీరమున మూడు రాత్రులు, పగలు పడవవిహారము, సాయంవేళ అలల యొడ్డున భోజనము అను ఆ పథకమును గూర్చి పాఠకులకు నేను వేరుగా విన్నవింప నక్కరలేదు. ఈ వేసవిలో ఏ చేతిఫోను తెరచినను అదియే. ఏ పెండ్లిపందిటిలో కూర్చున్నను అదియే ప్రసంగము. మా బావమరిది యొకడు తన సంసారమును విశాఖపట్టణమునకు తరలించుటకై గంటలు, నిమిషములతో నొక పట్టిక కూర్చి, నాకు పంపి, "బావగారూ, మీరూ వస్తారా?" అని యడిగినాడు. అందు స్పీడుబోటు గలదు, సన్‌సెట్ క్రూయిజు గలదు, క్యాండిల్‌లైట్ డిన్నరు గలదు, ఫొటోలకు ప్రత్యేకముగా నలువది నిమిషములు గలవు. ఊరక కూర్చుండి సముద్రమును చూచుటకు మాత్రము గడియ యొక్కటియు లేదు.

సూర్యాస్తమయ విషయమును మొదట తేల్చివేసెదను. బంగాళాఖాతము మనకు తూర్పున నున్నది. సృష్ట్యాదినుండి సూర్యభగవానుడు ఆ సముద్రమునుండి యుదయించుచున్నాడేగాని విశాఖవాసి చూచుచుండగా ఒక్కనాడును అందు అస్తమించి యెరుగడు. సాయంకాలమైనచో ఆయన సింహాచలము కొండలవైపునకు దయచేయును. గోవాలో తీసిన చిత్రమునకు విశాఖ పేరు తగిలించి, ఎఱ్ఱని బింబము నీట మునుగుచుండగా దంపతులు గ్లాసు లెత్తుచున్నట్లు ముద్రించినవారు, ఆ కుర్చీలలో కూర్చున్న అతిథి మెడ వెనుకకు త్రిప్పి, కార్లు నిలుపుచోటునకు పైగా క్రుంకు సూర్యుని చూడవలసి వచ్చునని తలపోసిన జాడ లేదు. ఈ తీరమునకు సహజమైన వైభవము వేరొకటి కలదు: పున్నమినాడు ప్రొద్దు వాలువేళ నీటిలోనుండి పైకి వచ్చు చంద్రుడు. మా పెద్దలు దానికొరకే తిథి చూచుకొని, పులిహోర పొట్లములతో ఇసుకపై కూర్చుండెడివారు. ప్యాకేజీలో తిథి లేదు, వీకెండు కలదు.

ఇక చేప. దీనిని నేను తొందరగా విడువజాలను.

ఏప్రిల్ 15వ తేదీ మొదలు జూన్ 14వ తేదీవరకు, అనగా 61 దినములు, తూర్పుతీరమున మరపడవలును మోటారు పడవలును వేటకు పోరాదు. చేపలు గ్రుడ్లుపెట్టు కాలమగుటచేత ఏటేట ఈ నిషేధము వచ్చును. విశాఖ చేపలరేవున ఆ దినములలో బోట్లు ఒకదాని ప్రక్క నొకటి కట్టివేయబడి యుండును. తెడ్డుతో పోవు చిన్న తెప్పలకు మాత్రమే మినహాయింపు. మన బడులకు వేసవి సెలవు లెప్పుడు? సరిగా ఆ దినములలోనే. కావున తెలుగు కుటుంబము తాజా సముద్రాహారము కొరకై తీరముపైకి దండెత్తు కాలమును, సముద్రము వేటకు తలుపు మూసికొను కాలమును ఒక్కటియే యైనవి. పగబట్టిన పంచాంగకర్త సైతము ఇంత చక్కని ముహూర్తమును పెట్టజాలడు.

మే మాసమున అట్టి భోజనశాల కొకదానికి నన్ను తీసికొనిపోయిరి. పేరు చెప్పను, తక్కినవి దానికి తీసిపోవు. వాకిట నల్లబల్లపై సుద్దముక్కతో 'నేటి వేట' అని వ్రాసి, క్రింద వంజరము, చందువ, పండుగప్ప అని వరుస పేర్చియున్నారు. వడ్డించు కుర్రవానిని, "ఈ వంజరం ఎప్పటిది బాబూ?" అని యడిగితిని.

"తెల్లారుజామున దిగింది సార్. మన బోటే."

"వేట నిషేధం కదా, బోటెలా వెళ్లింది?"

వాడొక క్షణము నన్ను, ఒక క్షణము సముద్రమును చూచి, "ప్రాన్స్ తీసుకోండి సార్, ఇవాళ బాగున్నాయి" అనెను. వానిపై నాకు కోపము లేదు. అబద్ధము వానిది కాదు, బల్లది.

ఆ ప్రాన్స్ కథయు వినుడు. అది వనామీ రొయ్య. దాని పూర్వులు మెక్సికో మొదలు పెరూవరకు వ్యాపించిన పసిఫిక్ తీరమువారు. మన దేశమున దాని పెంపకమునకు అనుమతి వచ్చినది 2009లో; తెల్లమచ్చ వైరస్ పాలైన టైగరు రొయ్య ఖాళీచేసిన చెరువులలోనికి వచ్చి ఇది కాపురము పెట్టినది. భీమవరము పరిసరముల ఏరేటర్లు రేయింబవళ్లు తిరుగుచుండగా వేళకు మేత తిని, అల యన నెట్టిదో యెరుగక పెరిగి, మంచుపెట్టెలో విశాఖ చేరి, వెల్లుల్లి వెన్నలో వేగినపిదప బల్లమీదికి వచ్చు ఆ రొయ్యయు, దానిని తినవచ్చిన అతిథియు ఒకేసారి సముద్రదర్శనము చేసికొనుచున్నారు. అది తీరపు రొయ్యయే యని వాదించినచో నే నొప్పుకొందును. తీరము మాత్రము పెరూది. ఇక పిల్లల కొరకై వచ్చు ఫిష్ ఫింగర్లలో పెక్కుచోట్ల నుండునది మన చెరువులలో పెరిగిన పంగసియస్. దాని పుట్టినిల్లు మెకాంగ్ నది.

మా బావమరిది భీమవరము వాడని చెప్పితినా? తన వీధి చివర కిలో లెక్కన దొరకు రొయ్యను తినుటకై అతడు రైలెక్కి విశాఖ వచ్చి, దానికి గాలి వెల, దీపపు వెల, గోడకు వ్రేలాడదీసిన వల వెల చేర్చి చెల్లించి, ఎముకలేని ఆ పళ్లెమును ఫొటో తీసి, మరల భీమవరమునందలి బంధువులకే పంపును. రొయ్యకు నేను వైరిని గాను. చెరువు రైతుకు అసలే గాను. చెరువు రొయ్యను చెరువు రొయ్య యనియు, మంచులో నెలలు నిలిచిన చేపను మంచు చేప యనియు చెప్పి యమ్మినచో ఎవరి గౌరవమునకు భంగము? ఒడ్డున కట్టివేసిన పడవలు కనబడుచుండగా, వాని యెదుటనే కుర్చీ వేసి కూర్చుండబెట్టి, తాజా వేట యని చెప్పుటకు గల ఆ ధైర్యమే నా కర్థము కాదు.

తక్కినవి వేగముగా. మే మాసము బంగాళాఖాతమున తుపానుల మాసము కూడ. 2010లో లైలా తుపాను బాపట్ల యొద్ద తీరము దాటినది మే నెలలోనే. రామకృష్ణా బీచిలో 2024 ఫిబ్రవరిలో ప్రారంభించిన తేలుడు వంతెన చివరిభాగము మరునాడే విడివడి కానవచ్చినది. విడిపోలేదు, మేమే విడదీసితిమని వివరణ వచ్చినది.

ఇంతవరకు నవ్వితిని. పడవ యొద్ద నవ్వు రాదు. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నము ఫెర్రీ యొద్ద కృష్ణలో పడవ బోల్తాపడినది. 2019 సెప్టెంబరు 15న పాపికొండల కని బయలుదేరిన పడవ వరదగోదావరిలో కచ్చులూరు యొద్ద మునిగినది. దానిని పైకి తీయుటకు 37 దినములు పట్టినది, తీసినదియు కాకినాడనుండి వచ్చిన ధర్మాడి సత్యం బృందము, తాళ్లతోను లంగరులతోను. 2023 మే 7న కేరళలోని తానూరులో ప్రొద్దు గ్రుంకినపిదప, పరిమితికి మించి యెక్కించుకొని పోయిన విహారనౌక తలక్రిందులై 22 మంది చనిపోయిరి. వారిలో పిల్లలే యెక్కువ. ఎవరైనను ఆ పట్టికలలో పడవకు అనుమతి కలదా, ఎందరిని ఎక్కింతురు, బిడ్డ కొలతకు సరిపడు లైఫ్‌జాకెట్టు కలదా యని యొక్క గడి పెట్టిరా? అలంకారమునకు వేసిన పూలజడ నలుగునని జాకెట్టు విప్పి, ఫొటో తీసినపిదప తొడిగెదమని దానిని ఒడిలో పెట్టుకొని కూర్చున్న తల్లులను నేను చూచితిని. కాదనక ఊరకున్న సరంగును చూచితిని. విహారము పేర ఇది బిడ్డల ప్రాణములతో ఆట, సిగ్గుమాలిన ఆట. దీనికి మెత్తని మాట నాయొద్ద లేదు.

ఆ 61 దినములు పని లేక కూర్చున్న మత్స్యకార కుటుంబమునకు ప్రభుత్వమిచ్చు సాయము 2025లో 20,000 రూపాయలైనది. రెండు నెలల బ్రతుకునకు అది. ఆ ధనముతో ఒక కుటుంబము మూడు రాత్రులు అలల యొడ్డున భుజించి చూడుడు. పైగా జాలరి వల గోడకు కావలెను, జాలరి తెప్పను నడిమికి కోసి బల్లగా చేయవలెను, జాలరి తలపాగా బొమ్మకు కట్టవలెను. జాలరి మాత్రము కనబడరాదు. నేను పోయిన ఆ భోజనశాలకు కూతవేటు దూరమున పాకలు కొన్ని కలవు. ఆడువారు ఇసుకపై నెత్తళ్లు ఎండబెట్టుచుండిరి. గాలి ఇటు తిరిగినది. ప్రక్కబల్లవద్ది పెద్దమనిషి ముక్కునకు రుమాలు అడ్డుపెట్టుకొని మేనేజరును పిలిపించి, ఈ చేపల కంపు ఏమిటని గద్దించెను.

"క్షమించండి సార్, వచ్చే సీజన్‌కి ఆ పాకలుండవు" అనెను మేనేజరు.

పెద్దమనిషి శాంతించి, మరియొక వంజరము తెప్పించుకొనెను.