కారంపూడిలో పోలారిమీటర్ చేయదలచిన వారికి అమూల్య సలహాలు

కాంతి ధ్రువణాన్ని కొలిచే పరికరం చేద్దామనుకుంటున్నారా? డబ్బు తగలేయకండి. 1828లో విలియం నికోల్ కాల్‌సైట్‌ను కోసి, రెండు ముక్కల్ని మళ్లీ అతికించి ధ్రువకాన్ని చేశాడు. పల్నాడు సున్నపురాయి కూడా కాల్‌సైటే కదా! వసారాలో పరిచిన నాపరాయి ఒకటి పెకలించి అరగదీయండి. నికోల్ వాడింది నీళ్లలాంటి ఒకే స్ఫటికమనీ, మన రాయిలో సన్నటి రేణువులు తలో దిక్కుకీ తిరిగి ఉంటాయనీ చెప్పేవాళ్లవి కడుపుమంట మాటలు.

రాయి మొరాయిస్తే పాత కాలిక్యులేటర్ తెర మీది ఫిల్ము ఊడబెరకండి. అది పోలరాయిడే. అక్షం అంచుకు సమాంతరంగా ఉందని ఒట్టేసుకోండి. చాలా తెరల్లో అది 45 డిగ్రీల వాలులో ఉంటుందట, ఉండనివ్వండి. నాగులేటి గట్టున నిలబడి, నీటి మీది మెరుపును ఫిల్ములోంచి వాలుగా చూస్తూ తిప్పితే ఒకచోట మెరుపు దాదాపు ఆరిపోతుంది. అప్పుడు అక్షం నిలువుగా ఉన్నట్టు. పైసా ఖర్చు లేకుండా తెలిసేదానికి విలువేముంటుంది?

వెలుగు కొలవడానికి సెల్‌ఫోన్ కెమెరాను ఆటోలోనే ఉంచండి. రెండు ఫిల్ముల అక్షాల మధ్య 45 డిగ్రీలుంటే వెలుగు సగం, 60 అయితే పావు వంతు అని మాలస్ నియమం. ఫోను మాత్రం దేన్నైనా సరిపడా వెలుగుకు తెచ్చి, రెండింటినీ ఒకేలా చూపిస్తుంది. ఇంతకన్నా సమదృష్టి ఎక్కడ దొరుకుతుంది?

కాంతి దారిలో అద్దాలు వాలుగా, వీలైనన్ని పెట్టండి. ఒక్కొక్కటీ తన వంతు ధ్రువణాన్ని ఉచితంగా కలుపుతుంది. కటకాల బదులు పారదర్శక ప్లాస్టిక్ డబ్బా మూత కోసి వాడండి. పోతపోసినప్పుడు అందులో మిగిలిపోయిన ఒత్తిడి రెండు పోలరాయిడ్ల మధ్య రంగురంగులుగా కనిపిస్తుంది, పిల్లలకు కాలక్షేపం. ఫిల్మును వేసవంతా డాబా మీద ఎండబెట్టండి, గట్టిపడుతుంది. పాడైనా కొత్త కాలిక్యులేటర్లు బోలెడు.

కొలత ఒక్కసారి చాలు. ధ్రువణాన్ని పూర్తిగా చెప్పాలంటే నాలుగు రాశులు కావాలని 1852లో స్టోక్స్ అన్నాడు, ఆయనకు తీరిక ఎక్కువ. 2024 జనవరి 1న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఎక్స్‌పోశాట్ ఉపగ్రహం కూడా ఎక్స్‌రే ధ్రువణాన్ని కొలవడానికి తన చుట్టూ తాను తిరుగుతూనే ఉండాలి, పాపం.

అంతా అయ్యాక, బల్బు ముందు ట్రేసింగ్ కాగితం పెట్టి ఆ వెలుగుకు పరికరం సున్నా చూపిస్తుందో లేదో పరీక్షించమని ఎవరైనా అంటే వినకండి. చూశారంటే, ఇన్నాళ్లూ మీరు కొలిచింది మీ పరికరాన్నేనని తెలిసిపోతుంది.