బాపు బీపీని చెదరకుండా నిలుపుకోవడం ఎలా?

బాపు ఇచ్చిన రెండెకరాలు నలుగురు అన్నదమ్ములు పంచుకుంటే తలా అరెకరం. బీపీకి ఆ బాధ లేదు. ఎంతమందికి పంచినా తరగదు, పాసుబుక్కు అడగదు, పక్కోడు గెట్టు జరపడు. ఇంత మంచి ఆస్తిని కరీంనగర్‌లో కొందరు డాక్టరు మాట విని చేజేతులా అదుపులో పెట్టుకుంటున్నారు. మీరట్ల చేయొద్దు.

1. ఆస్తి ఎక్కడుందో తెలుసుకోండి. బీపీ టెన్షన్ వల్ల వస్తదని ఊరంతా అంటుంది. అననివ్వండి. నెపం కొడుకు మీదికో కోడలి మీదికో తోయడానికి పనికొస్తుంది. మీరు మాత్రం అసలు చోటు మరవకండి. అది నడుముకు రెండు పక్కలా ఉన్న కిడ్నీల్లో ఉంది. 1970లలో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో లూయిస్ డాల్ బృందం బీపీ వంశపు ఎలుక కిడ్నీ తీసి మంచి వంశపు ఎలుకకు పెట్టింది. దానికీ బీపీ వచ్చింది. తిప్పి పెట్టి చూస్తే బీపీ ఎలుకకు తగ్గింది. అంటే బీపీ కిడ్నీ వెంట నడుస్తుంది. కాపలా కాయాల్సింది అక్కడే.

2. ఉప్పు తగ్గించకండి. అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. మన కిడ్నీలు రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడగడతాయి. అందులో కిలోన్నర దాకా ఉప్పుంటుంది. నూటికి తొంభై తొమ్మిది పాళ్లకు పైగా మళ్లీ రక్తంలోకే చేరుతుంది. బాపు ఇచ్చిన కిడ్నీ ఇంకొంచెం ఎక్కువే దాచుకుంటుంది. ఉప్పు ఒంట్లో ఉంటే నీళ్లూ ఉంటాయి. దాన్ని బయటికి పంపాలంటే రక్తపు ఒత్తిడి పెరగక తప్పదు, కాకతీయ కాలువలో మట్టం పెరిగితేగాని తూముకెక్కని నీళ్లలాగా. ఒకే జన్యువు చెడి వచ్చే అరుదైన బీపీ జబ్బుల్ని యేల్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ లిఫ్టన్ బృందం వెతికితే, దాదాపు అన్నీ కిడ్నీ చేసే ఉప్పు లెక్క దగ్గరే తేలాయి. మనలాంటోళ్ల బీపీలో జన్యువులు ఎన్నో తలా ఒక చిన్న చెయ్యి వేస్తాయి. మీరూ ఓ చెయ్యి వేయకపోతే వాటి కష్టం ఏమైపోవాలె?

కాబట్టి రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా దాటొద్దన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ మాటను పొద్దున్నే మామిడి తొక్కుతో దాటేయండి. మధ్యాహ్నం పచ్చిపులుసు, సాయంత్రం సకినాలు, రాత్రి ఎండుచేపల కూర. పెరుగన్నంలో వేసుకునేది లెక్కలోకి రాదు. ఎవరన్నా నిలదీస్తే సైంధవ లవణం కొనుక్కొచ్చి చూపించండి. అదీ సోడియం క్లోరైడే గనుక మీకు నష్టమేమీ లేదు.

3. మిషన్‌ను నమ్మకండి. 160 చూపిస్తే "మెట్లెక్కి వచ్చిన" అనండి. మళ్లీ చూస్తే "చాయ్ తాగి వచ్చిన" అనండి. మూడోసారి పట్టీ కట్టబోతే "మీ మిషన్ ఖరాబైంది" అని లేవండి. 120 చూపించిన నాడు మాత్రం అదే మిషన్ బంగారం.

4. గోలీలు తీసుకోండి, మింగకండి. 2017లో మొదలైన జాతీయ రక్తపోటు నియంత్రణ కార్యక్రమంలో మొదటి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. అందుకే పల్లె దవాఖానలో బీపీ గోలీలు ఉత్తగానే దొరుకుతాయి. ఉత్తగ వచ్చేది వదలొద్దు. తెచ్చి బీరువాలో, పట్టుచీరల కింద పెట్టండి. ఆశ వర్కర్ అడిగితే "రోజూ ఏసుకుంటున్న బిడ్డా" అనండి. గల్ఫ్ మెడికల్ ఉన్నప్పుడు కొన్ని రోజులు మింగి పాసవ్వండి, వీసా చేతికి రాగానే మానేయండి. దుబాయ్ ఎండలో నీళ్లు తక్కువ తాగి పనిచేస్తే మిగతాది కిడ్నీలే చూసుకుంటాయి.

5. పెయ్యి నొప్పులకు సూది ఏయించుకోండి. డైక్లోఫినాక్ లాంటి నొప్పి మందు కిడ్నీకి రక్తం తగ్గిస్తుంది, ఉప్పు నిలబెడుతుంది, పొరపాటున మింగిన బీపీ గోలీని కూడా నీరుగారుస్తుంది. ఒక్క సూదికి మూడు లాభాలు.

6. మూత్రం పరీక్ష వద్దు. అందులో ప్రొటీన్ పోతున్నదని ముందే బయటపడుతుంది. నురుగొస్తే కల్లు మీద వేయండి. పాదాలు వాస్తే చెప్పుల మీద వేయండి. మరీ బలవంతపెడితే రక్తంలో క్రియాటినిన్ ఒక్కటే చూపించుకోండి. కిడ్నీల పని సగం దాకా పడిపోయినా అది నార్మల్‌గానే కనబడొచ్చు. ఆ కాగితం జేబులో పెట్టుకొని తిరగండి, పెండ్లిళ్లలో చూపించండి.

7. ఫలితం అందుకోండి. బీపీ కిడ్నీలను తినేశాక వచ్చేది డయాలిసిస్. అంటే సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు, పడుకొని ఉండటమే. ఆరోగ్యశ్రీలో పైసా ఖర్చు లేదు. నాట్లకు రమ్మని, బోరు మోటారు చూడమని ఎవరూ పిలవరు. పని ఎగ్గొట్టడానికి ఇంతకన్నా గట్టి సాకు జిల్లాలో దొరకదు.

8. కిడ్నీ మార్పిడితో జాగ్రత్త. ఆస్తి మొత్తం ఇక్కడే పోవచ్చు. 1983లో అమెరికా డాక్టర్లు ఒక సంగతి ప్రచురించారు. బీపీ వల్లే కిడ్నీలు పోయిన ఆరుగురికి బీపీ లేనివాళ్ల కిడ్నీలు పెడితే, సగటున నాలుగున్నరేళ్ల తర్వాత కూడా వాళ్లకు మందుల్లేకుండానే బీపీ మామూలుగా ఉంది. ఎలుకల్లో జరిగిందే మనుషుల్లోనూ జరిగింది. కాబట్టి దాత విషయంలో ముందే ఏర్పాట్లు చేసుకోండి. అన్నదమ్ములతో, అక్కచెల్లెళ్లతో బీపీ ముచ్చట ఎత్తకండి. వాళ్లూ ఇదే ఆస్తికి వారసులు. పరీక్ష చేయించుకోకుండా ఏండ్ల తరబడి తిరిగితే, దానానికి వరుసలో నిలబడ్డ రోజున మిషనే వాళ్లను వెనక్కి పంపుతుంది.

చిక్కల్లా ఇంటావిడతోనే. ఆమెది మీ రక్తం కాదు, చట్టం మాత్రం భార్య కూడా కిడ్నీ ఇవ్వొచ్చంటుంది. అందుకే మీ జాడీలోని తొక్కే ఆమెకూ పెట్టండి. తల తిరుగుతున్నది, ఓసారి బీపీ చూపించుకొస్తనంటే, "ఆడోళ్లకేం బీపీ? ముందుగాల చాయ్ పెట్టు" అనండి. చాయ్ పెట్టి, బర్రెకు గడ్డేసి, పిల్లల్ని బడికి పంపేసరికి దవాఖానలో ఓపీ మూసేస్తారు.