దోహా జీతం, వజ్రపుకొత్తూరు మీటరు

ఆటో డెబిట్ అంటే, కట్టవలసినవాడు నిద్రలో ఉన్నా బిల్లు సొమ్ము అతని ఖాతాలోంచి దానంతటదే వెళ్ళిపోయే ఏర్పాటు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో దీని అవసరం చాలానే ఉంది. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల వెల్డర్లూ రిగ్గర్లూ ఫిట్టర్లూ దోహాలోనో సింగపూర్‌లోనో ఉంటారు. మీటర్లు మాత్రం ఊళ్ళోనే, గోడకి ఉండి తిరుగుతుంటాయి.

దోహా బ్యాంకులోని రియాళ్ళను ఇక్కడి కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ నేరుగా లాగేసుకుంటుందనుకుంటే పొరపాటు. ఇక్కడి ఆటో డెబిట్‌కి రూపాయి ఖాతా తప్ప మరొకటి కళ్ళకి ఆనదు. రియాలు ముందు ఎక్స్ఛేంజి కౌంటర్లో రూపాయి కావాలి, ఎన్నారై ఖాతాలో దిగాలి, అక్కణ్ణుంచి బిల్లుకి పోవాలి. ఆ ఖాతాలూ రెండు రకాలు. బయటి సంపాదనకి ఎన్ఆర్ఈ. పలాసలో ఇంటి అద్దె లాంటి ఇక్కడి రాబడికి ఎన్ఆర్ఓ. మొదటిదాని వడ్డీకి పన్ను లేదు. రెండోదాని వడ్డీలో 30 శాతం, దానిపైన సెస్సు, చేతికి రాకముందే కోసేస్తారు. ఉద్యోగానికి దేశం దాటినవాడు పాత సేవింగ్స్ ఖాతాని ఎన్ఆర్ఓగా మార్పించుకోవాలని 1999 నాటి ఫెమా చట్టం కింద నియమం ఉంది. అలా బుద్ధిగా మార్పించుకున్నవాణ్ణి ఊరేగించవచ్చు. పల్లకీ దొరుకుతుంది, మనిషే దొరకడు.

ఈ ఆటో డెబిట్ పద్ధతి ఐస్‌క్రీం దగ్గర పుట్టింది. 1964లో బ్రిటన్‌లో యూనిలీవర్ ఉద్యోగి అలస్టెయిర్ హాంటన్, ఐస్‌క్రీం అమ్మేవాళ్ళ నుంచి ఒక్కోసారి ఒక్కో మొత్తంగా తేలే బాకీలు రాబట్టడానికి దీన్ని ఆలోచించాడు. ఐసు బాకీకి ఇంత తంతు కావాలా అన్న అనుమానం ఉద్దానంలో ఎవరికైనా వస్తుంది. ఇక్కడ ఆ చిక్కు ఎప్పుడో తేలిపోయింది. జీడిపిక్కలు రాలే కాలమూ ఐసు అమ్మే కాలమూ ఒకటే. సైకిలు వెనక డబ్బా కట్టుకుని ఐసువాడు తోటల్లోకి వస్తాడు. పిల్లవాడు నిక్కరు జేబులోంచి గుప్పెడు పిక్కలు తీసి పోస్తాడు. పుల్లైసు చేతికొస్తుంది. మాండేటు లేదు, బౌన్సు లేదు. పుచ్చు పిక్క ఒకటి కనిపిస్తే ఐసువాడు దాన్ని అవతల పారేసి మరోటి అడుగుతాడు, అంతకుమించి తనిఖీ లేదు. ఆ పిక్కలు ఎవరి తోటలోవి అన్నది కేవైసీ ప్రశ్న. దాన్ని ఐసువాడు అడగడు, పిల్లవాడు చెప్పడు. గుప్పెళ్ళన్నీ చేరి 80 కిలోల బస్తా అవుతాయి, బస్తా పలాస కార్ఖానాకి పోతుంది, పిక్క పగిలి పప్పు బయటపడుతుంది. సెలవు ముగించుకుని దోహా బయల్దేరే మనిషి పలాస బజారులో ఆ పప్పే కిలో కొని పెట్టెలో సర్దుకుంటాడు. చిన్నప్పుడు గుప్పెడు పిక్కలిచ్చి ఐసు తిన్నవాడు వాడే. ఇదీ ఒక రకం డెబిట్టే, ముప్పై ఏళ్ళు ఆలస్యంగా పడింది.

ఎల్‌ఐసీ ప్రీమియం, ఇంటి అప్పు వాయిదా వంటివాటికి మాండేటు కావాలి. అంటే, లాగుకోవచ్చని రాతపూర్వక అనుమతి. దాని మీద ఖాతా తెరిచిన నాటి సంతకమే పడాలి. ఇంటరు తప్పిన ఏడాది టెక్కలిలో పెట్టిన సంతకం, పదిహేనేళ్ళు వెల్డింగ్ హోల్డరు పట్టిన చేతికి తిరిగి రాదు. సంతకం సరిపోలేదంటూ కాగితమే తిరిగొస్తుంది. కాగితం వద్దనుకుంటే ఓటీపీ దారి ఉంది. ఆధార్‌కి కట్టిన నంబరు ఊళ్ళో తల్లి దగ్గర, మీటల ఫోన్లో ఉంటుంది. కొబ్బరి చెట్ల మధ్య సిగ్నలేమో నూతి గట్టు దగ్గర ఉంటుంది.

"ఏటమ్మా, వచ్చిందా?"

"వచ్చింది నాయనా. ఏటో ఇంగిలీసులో ఉంది."

"అంకెలు సదువమ్మా."

"ఆరు... ఉండు, తొమ్మిదేమో. కళ్ళజోడు లోపలుండిపోనాది."

కళ్ళజోడు వచ్చేసరికి ఓటీపీకి కాలం చెల్లుతుంది. రెండోసారి ఆమె ఒక్క అంకె తప్పకుండా, నిదానంగా చదువుతుంది. అయితే అది మొదటి ఓటీపీ.

ఇక క్యాలెండరు. దోహాలో బ్యాంకులకి శుక్ర, శనివారాలు సెలవు. ఇక్కడ ఆదివారం, రెండో శనివారం, నాలుగో శనివారం. గురువారం సాయంత్రం జీతం పడితే, అది ఊరి ఖాతా చేరేసరికి తరచు సోమవారం అవుతుంది. వాయిదాలు లాగే నాచ్ వ్యవస్థ మాత్రం 2021 ఆగస్టు 1 నుంచి వారానికి ఏడు రోజులూ పనిచేస్తోంది. వేసేవాళ్ళకి సెలవులున్నాయి, లాగేవాళ్ళకి లేవు. ఆదివారం పొద్దున్న ఖాతాలో వంద రూపాయలు తక్కువైతే వాయిదా బౌన్సు, దానికి బ్యాంకు జరిమానా, జరిమానా మీద 18 శాతం జీఎస్టీ. అప్పిచ్చినవాళ్ళు వేరే జరిమానా వేస్తారు. సొమ్ము దారిలో ఉందని చెప్పుకోవడానికి ఓ నంబరుంటుంది. అది ఇంగ్లీషుకి ఒకటి, హిందీకి రెండు నొక్కమంటుంది. తెలుగు అంకె వచ్చేలోపు దోహా ఫోన్లో బాలెన్సు అయిపోతుంది.

పరిస్థితి కొంత మెరుగైన మాట నిజమే. విదేశాల్లో ఉన్నవాళ్ళు ఇక్కడి ఇంటి బిల్లులు భారత్ బిల్ పే ద్వారా కట్టే వీలు కల్పిస్తామని 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ప్రకటించింది. 2023 జనవరిలో పది దేశాల ఫోను నంబర్లకి, ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాలతో యూపీఐ వాడుకునే వీలొచ్చింది. ఖతర్, సౌదీ, ఒమన్, యూఏఈ, సింగపూర్ ఆ పదిలో ఉన్నాయి. కువైట్ లేదు. కువైట్‌లో ఉన్నవాడి తల్లి నూతి గట్టు దగ్గరే నిలబడి ఉండిపోయింది.

డబ్బు పంపడం ఈ తీరానికి కొత్తేమీ కాదు. ఓడెక్కి రంగం, అంటే బర్మా, పోయిన తరం కూడా ఇంటికి పంపింది. మనియార్డరు ఫారం కింద నాలుగు మాటలు రాయడానికి చిన్న చీటీ ఉండేది. పోస్టుమాను డబ్బు లెక్కపెట్టి, ఆ చీటీ చదివి వినిపించేవాడు. ఆటో డెబిట్‌లో ఆ చీటీకి చోటు లేదు. బిల్లు వచ్చిందని చెప్పడానికి తల్లి చేసే ఫోనూ దీంతో ఆగిపోయింది. కట్టేసినట్టు మెసేజి అతనికే వస్తుంది, ఆమెకి చెప్పాల్సిన అవసరం లేదు. దోహా గదిలో మంచం మీద పడుకుని అతను యూనిట్ల అంకె చూస్తాడు. మే నెలకి 31. అంటే ఫ్యాను వేసుకోవడం లేదన్నమాట.

కాగితం మీద ఇచ్చిన మాండేటు రద్దు చేయాలంటే మళ్ళీ దరఖాస్తు పెట్టాలి. దాని మీదా పాత సంతకమే ఉండాలి. రద్దు చేయనంత కాలం, ఇంటికి తాళం పడి మీటరు ఒక్క యూనిట్ కూడా తిరగకపోయినా, స్థిర చార్జీ నెలనెలా తప్పకుండా వెళ్తుంది.