గొంతుకి రికార్డింగ్ డాన్స్

తెలుగునాట పాటగాడికి దక్కే పెద్ద బిరుదు పద్మశ్రీ అనుకునేవాళ్ళు అమాయకులు. కచేరీ అయ్యాక స్టేజి మెట్ల దగ్గర ఓ పెద్దాయన చెయ్యి పట్టుకుని ఊపుతూ, "కళ్ళు మూసుకుంటే అచ్చం ఘంటసాలే బాబూ!" అంటాడే, అదీ అసలు బిరుదు. విన్న పాటగాడు వంగి ఆయన పాదాలు తాకుతాడు. ఇన్నేళ్ళు సాధన చేసినా ఆ గొంతులో తనదంటూ ఏమీ మిగల్లేదని పదిమంది ముందు ధ్రువపత్రం ఇచ్చారు కదా మరి, సంతోషించడా!

ఈ పెద్దాయనకి పోలికరాయుడని పేరు పెట్టుకుందాం. వయసుతో పనిలేదు. అరవై దాటిన పోలికరాయుడికి ఘంటసాల కావాలి, నలభై దాటినవాడికి బాలు కావాలి, పాతికేళ్ళవాడికి నిన్న యూట్యూబులో విన్న లిరికల్ వీడియో కావాలి. ఎవరైనా సభకి వచ్చేది తనిఖీకే. ముందువరసలో కూర్చుంటాడు. పల్లవి ఎత్తుకోగానే కళ్ళు మూస్తాడు. లోపల రికార్డు తిరుగుతూ ఉంటుంది. బయటి పాట, లోపలి పాట ఒకదానిమీద ఒకటి సరిగ్గా పడినంతసేపూ తల ఆడుతుంది. పాటగాడు ఉత్సాహం పట్టలేక చరణం చివర ఓ కొత్త సంగతి వేశాడా, కళ్ళు చటుక్కున తెరుచుకుంటాయి. పక్క కుర్చీవాడివైపు తిరిగి, "రికార్డులో ఇలా లేదే!" అంటాడు. ఇక ఆ పాటగాడి పని అయిపోయినట్టే.

కోస్తా జిల్లాల్లో తిరునాళ్ళకి రికార్డింగ్ డాన్సులు కట్టేవారు, గుర్తుందా? మైకులో పాట మోగుతుంటే డూప్ ఎన్టీఆర్, డూప్ చిరంజీవి వేషాలు కట్టి తెల్లవార్లూ ఆడేవారు. పోలికరాయుడికి అవంటే చీదర. అలగాజనం చూసేవట. తను మాత్రం శాలువాలు, పూలబొకేలు, జ్యోతిప్రజ్వలన ఉన్న సభకి వెళ్ళి, అదే తతంగాన్ని చెవులతో చూసి వస్తాడు. అక్కడ ఒంటికి వేషం వేస్తే ఇక్కడ గొంతుకి వేశారు, అంతే తేడా. ఆ మాటకొస్తే రికార్డింగ్ డాన్సువాళ్ళే నిజాయితీపరులు. డూప్ అని వాల్‌పోస్టరు మీదే రాసుకునేవారు.

మన సభల పోస్టర్లు చూడండి. ఫిబ్రవరి 11 వస్తే ఘంటసాల వర్ధంతి, డిసెంబరు 4 వస్తే జయంతి. ఆయన 1974లో పోయారు. ఈ అర్ధశతాబ్దంలో ఆయన మీద ప్రేమ తగ్గలేదు, మంచిదే. తగ్గాల్సింది ఆయనకి వారసులుగా మనం చేసే నియామకాలు. అపర ఘంటసాల, అభినవ ఘంటసాల, జూనియర్ ఘంటసాల, ఫలానా ఊరి ఘంటసాల. పాడేవాడి అసలు పేరు కింద చిన్న అక్షరాల్లో, ప్రింటింగ్ ప్రెస్సు పేరు కంటే కాస్త పెద్దగా ఉంటుంది. సభ మొదలయ్యాక ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి వరసగా, ఘంటసాల లాంటి గాయకుడు మళ్ళీ పుట్టడని చెబుతారు. తర్వాత అదే నోటితో మళ్ళీ పుట్టినవాణ్ణి వేదిక మీదకి పిలుస్తారు. ఉపన్యాసాలకి గంటన్నర పోతుంది కాబట్టి పాటకి పల్లవి, ఒక చరణమే గతి. ఆ ఒక్క చరణమైనా రికార్డులా వినిపించాలని సౌండువాడు ఎకో మీట పైకి తోస్తాడు. హాలంతా నూతిలో నుంచి పాడినట్టుంటుంది. పోలికరాయుడు, "ఆహా, ఆ గాంభీర్యం!" అంటాడు.

ఇంతకీ ఈ రికార్డు దేవుడు ఎక్కడినుంచి దిగివచ్చాడో కాస్త చూద్దాం. 78 ఆర్‌పీఎం లక్క రికార్డు ఒక పక్క తిరిగేది మూడు, మూడున్నర నిమిషాలు. పాట ఎంత పొడుగుండాలో తేల్చింది రాగమూ కాదు, రసమూ కాదు, ఆ నల్లపళ్ళెం వెడల్పు. సినిమాలో ఉన్న చరణం రికార్డులో ఎగిరిపోయేది. పద్యం చివర రాగం తీద్దామంటే సూది మధ్యకి వచ్చేసేది. పొడుగాటిదైతే పాట సగంలో ఆపి, పళ్ళెం తిరగేసి, మళ్ళీ సూది పెట్టాలి. పోలికరాయుడు ఈ రోజు వేదాక్షరంలా పట్టుకున్న కొలత అది. అది చెక్కుచెదరకూడదంటే, సగం పాటలో గాయకుణ్ణి కూడా వెనక్కి తిరిగి నుంచోమనాలి. గీతపడ్డ చోట ఒకే మాట పదిసార్లు పాడాలి. అదికూడా సాధన చేసేవాళ్ళు లేకపోలేదేమో, నేను అడగలేదు.

అసలు ఆ పాతపాటలు రికార్డయిన తీరు తెలిస్తే పోలికరాయుడికి గుండె ఆగుతుంది. మద్రాసు స్టూడియోల్లో ఒకటో రెండో మైకుల ముందు గాయకుడు, వయొలిన్లు, తబలా, ఫ్లూటు అందరూ ఒకేచోట చేరి, పాట మొదటినుంచి చివరిదాకా ఒక్క ఊపున పాడేసేవారు. మధ్యలో ఎవరి వేలు జారినా అందరూ మళ్ళీ మొదటికి. ఇంకా వెనక్కి వెళితే, 1932లో భక్త ప్రహ్లాద వచ్చిన తొలినాళ్ళలో ప్లేబాకే లేదు. నటులు కెమెరా ముందు నడుస్తూనే పాడాలి, వాయిద్యాలవాళ్ళు చెట్టుచాటునో తెరచాటునో కూర్చుని వాయించాలి. అంటే మనం శిలాశాసనం అనుకుంటున్న రికార్డు ఆ రోజు ఆ గదిలో జరిగిన కచేరీయే. ఓకే అయిన టేకు ఒక్కటే మన చెవిన పడింది. కాస్త వేరేగా పాడిన మిగతా టేకులు గాలిలో కలిసిపోయాయి. సౌండు ఇంజనీరు ఆ రోజు ఇంకో టేకుకి తల ఊపి ఉంటే, పోలికరాయుడు ఈ రోజు ఆ సంగతులకే కళ్ళు మూసుకుని, ఈ సంగతులకి కళ్ళు తెరిచేవాడు.

త్యాగయ్య (1946)లో నాగయ్య గొంతుకి ఊళ్ళకి ఊళ్ళు దాసోహమన్నాయి. ఆ రోజుల్లోనే పైకి వస్తున్న ఘంటసాలని "అచ్చం నాగయ్యలా లేదే" అని పంపేసి ఉంటే? 1966 డిసెంబరులో ఎస్.పి. కోదండపాణి శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న కోసం ఓ కుర్రాడి చేత పాడించారు. ఆ పాటలో పక్కన సుశీల, పి.బి. శ్రీనివాస్, ఈలపాట రఘురామయ్య. నలుగురివీ నాలుగు గొంతులు, ఒకదానికొకటి పోలికే లేదు. ఆ రోజు పోలికరాయుడి పరీక్ష పెట్టి ఉంటే ఆ కుర్రాడు బాలు అయ్యేవాడు కాదు, ఇంజనీరయ్యేవాడు. తమాషా ఏమిటంటే, ఇప్పుడు పోలికరాయుడు అదే పరీక్షని బాలు పేరుమీద పెడుతున్నాడు.

మన తాతలు ఇలా లేరు. తిరుపతి వెంకట కవుల పాండవోద్యోగ విజయాలు ఊళ్ళో ఆడుతున్నాయంటే బండ్లు కట్టుకుని వెళ్ళేవారు. పద్యాలు వాళ్ళకి కంఠతా వచ్చు. కొత్తగా తెలుసుకునే కథ ఏమీ లేదు. మరి దేనికి వెళ్ళినట్టు? ఈ కృష్ణుడు ఆ పద్యాన్ని ఎలా అందుకుంటాడో, ఎక్కడ విరుస్తాడో, చివరి రాగం ఏ మలుపు తిప్పుతాడో వినడానికి. పీసపాటి కృష్ణుడు వేరు, షణ్ముఖి కృష్ణుడు వేరు, రఘురామయ్య కృష్ణుడు వేరు. ఒక్కరు చాలక, కాంట్రాక్టర్లు ఒకే నాటకంలో ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు అని ముగ్గుర్ని పెట్టేవారు. రంగానికొకడు మారేవాడు. భగవంతుడి ముఖం, ఎత్తు, లావు అన్నీ మారిపోతున్నా ప్రేక్షకుడు కిక్కురుమనేవాడు కాదు. తేడా కోసమే అతను టికెట్ కొన్నాడు. పద్యం నచ్చితే "వన్స్ మోర్!" అని కేకేసేవాడు. కాటిసీనులో హరిశ్చంద్రుడు కొడుకు శవం ముందు కుమిలిపోతున్నా సరే, వన్స్ మోరే. హార్మోనిస్టు మళ్ళీ శ్రుతి అందించేవాడు, హరిశ్చంద్రుడు మళ్ళీ ఏడ్చేవాడు. ఇది కళాదృష్టితో చూస్తే ఘోరమే, కాదనను. కానీ రెండోసారి పాడినప్పుడు మొదటిసారి పాడినట్టే పాడితే ఆ జనం ఊరుకునేవారు కాదు. ఇంకో రాగం రావాలి, ఇంకాస్త పైకి పోవాలి. గ్రామఫోను పళ్ళేలమీద నాటక పద్యాలు అప్పటికే అమ్ముతున్నారు. అయినా "పళ్ళెంలో ఇలా లేదే" అనే మాట ఆ నేలటికెట్టువాడికి తోచలేదు.

కర్ణాటక సభల్లో ఈ జబ్బు లేదనుకోకండి, అక్కడ పేరు మారింది. పాఠాంతరం అంటారు. త్యాగరాజస్వామి 1847లో పోయేనాటికి రికార్డింగ్ అనేదే లేదు. ఆయన కృతులు శిష్యుల ద్వారా తిల్లస్థానం, వాలాజాపేట, ఉమయాళ్పురం అని మూడు దారుల్లో మనదాకా వచ్చాయి. ఇప్పుడు క్యాసెట్టులో విన్నదొక్కటే నాలుగో దారై, మిగిలిన మూడింటినీ మూసేసింది. సుప్రభాతం సంగతైతే చెప్పనక్కర్లేదు. ప్రతివాది భయంకరం అణ్ణన్ దాన్ని రాసింది 15వ శతాబ్దంలో. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి రికార్డు వచ్చింది 1963లో. తిరుమలలో తెల్లవారుజామున వేదపండితుల నోట విని, "అచ్చం సుప్రభాతంలా లేదండీ" అని పెదవి విరిచే భక్తుడు మనవాడే.

ఇక్కడ పోలికరాయుడు ఒక బలమైన సాక్షిని పిలుస్తాడు: ఇళయరాజా. నిజమే, ఆయన సభల్లో రాసిన స్వరం రాసినట్టు పలకాలి. అన్ని వయొలిన్లూ, కోరసూ కలిసి కట్టిన కట్టడం అది. ఒక్కడు సొంత సంగతి వేస్తే పక్కగోడ కూలుతుంది. అక్కడ అచ్చుగా ఉండటం ఆ సంగీతం స్వభావం, ఒప్పుకుంటున్నాను. అయితే ఒక్కటి గమనించారా? మధ్యలో ఎవరైనా తప్పితే ఆయన పాట ఆపి, నాలుగు చీవాట్లు పెట్టి, మళ్ళీ మొదటినుంచి ఎత్తిస్తారు. సరిగ్గా అప్పుడే స్టేడియం చప్పట్లతో దద్దరిల్లుతుంది. ఆ సాయంత్రం మొత్తంలో రికార్డులో లేని ఘట్టం అదొక్కటే మరి.

ఇక ఇప్పటి పాటల సంగతి. 1997లో ఆటోట్యూన్ వచ్చింది. భూమిలో చమురు ఎక్కడుందో వెతికే పనిచేసిన ఇంజనీరు ఆ విద్యనే గొంతుమీద ప్రయోగించాడు. అక్కడినుంచి తప్పిన శ్రుతిని దిద్దడానికి గురువు అక్కర్లేదు, మౌసు చాలు. ఒక్కో లైను విడిగా పాడించి, బాగున్న ముక్కలు అతికించి, ఊపిరి చప్పుడు కత్తిరించి తయారుచేసిన పాట అది. దాన్ని ఆ పాడినవాడే స్టేజిమీద గెంతుతూ, మనిషిలా ఊపిరి పీలుస్తూ పాడితే, "లైవ్‌లో తేలిపోయాడు" అని తీర్పు. చేతిలో ఫోను ఎత్తిపట్టుకుని, తెరమీద చూస్తూ తీర్పు. నిర్వాహకులు తెలివైనవాళ్ళు. మైనస్ ట్రాకు పెడితే గాయకుడి గొంతొక్కటైనా నిజంగా వినిపిస్తుంది, ఆ ప్రమాదం కూడా ఎందుకని ప్లస్ ట్రాకే పెట్టేస్తున్నారు. గాయకుడు పెదాలు కదుపుతాడు. అమెరికా తెలుగు సభలకైతే పదిహేనుమంది వాయిద్యకారులకి వీసాలు, టికెట్లు ఎవరు భరిస్తారు? ఒక కీబోర్డు, ఒక రిథమ్ ప్యాడు, ఒక లాప్‌టాప్ విమానమెక్కుతాయి. పోస్టరు మీద మాత్రం "లైవ్ ఆర్కెస్ట్రా" అనే ఉంటుంది. పోలికరాయుడు ఆఖరికి తృప్తిగా, "అబ్బ, అచ్చం రికార్డులాగే ఉంది!" అంటాడు. ఉండదూ మరి, అది రికార్డే కదా నాయనా.

ఈ లెక్కన శాలువా కప్పాల్సింది గాయకుడికి కాదు, ఎడమపక్క స్టాండు మీదున్న స్పీకరుకి. మెమెంటో కూడా దానికే ఇవ్వాలి. దానికి గొంతు బొంగురుపోదు, పారితోషికం అడగదు, రైలు లేటవదు, ఎక్కడా కొత్త సంగతి వేయదు. జ్యోతిప్రజ్వలన మాత్రం కాస్త దూరంగా చేయించండి, వైర్లుంటాయి.

నవ్వులాటకి అంటున్నాను కానీ, నష్టపోయినవాళ్ళు ఉన్నారు. రేడియోలో ఒకప్పుడు "ఈ మాసపు పాట" అని ఒక కొత్త లలితగీతం నేర్పేవారు. రజనీకాంతరావు లాంటివారు బాణీలు కట్టారు, కృష్ణశాస్త్రి లాంటివారు రాశారు. అది విన్న ఇల్లాలు వంటింట్లో తన గొంతుతోనే పాడుకునేది. పాడుతున్నది ఎవరిలా ఉందని ఎవరూ అడిగేవారు కాదు. ఈ రోజు ఓ కుర్రాడు సొంతంగా పాట కట్టి వేదికెక్కితే, మొదటి చరణం అవకముందే వెనకనుంచి చీటీ వస్తుంది: ఫలానా సినిమాలో ఫలానా పాట పాడవలెను. వాడు పాడతాడు, పాడకపోతే వచ్చే నెల పిలవరు. నలభై ఏళ్ళు వచ్చేసరికి వాడికి వెయ్యి పాటలు వచ్చి ఉంటాయి, అందులో తనది ఒక్కటీ ఉండదు. ఘంటసాలని ప్రేమిస్తున్నామని చెప్పి మనం చేస్తున్న పని ఇది.

కాబట్టి వచ్చే డిసెంబరు 4న మీ ఊళ్ళో సభ ఉంటే తప్పకుండా వెళ్ళండి. పోస్టరు మీద "అపర" కనిపిస్తే నిర్వాహకులకి ఫోను చేసి తీయించండి. పాడేవాడి పేరేమిటో, తబలా మీద ఎవరో అడిగి తెలుసుకోండి. కొత్త సంగతి పడ్డప్పుడు నచ్చితే వన్స్ మోర్ అనండి, నచ్చకపోతే మర్యాదగా ఊరుకోండి. రికార్డు ఎలాగూ మీ ఇంట్లోనే ఉంది, వెళ్ళాక పెట్టుకుని వినొచ్చు.