నక్షత్ర ప్రశ్న, నేలమీది యిల్లు

15 దినములకు ముందే నోటీసిచ్చి, లోక్‌సభలో దినమునకు 20 మాత్రమే యుండు నక్షత్ర ప్రశ్నల చీట్లలో పేరు తగిలి, మా యూరి పేదల యిండ్లెప్పటికి పూర్తియగునని యడిగిన సభ్యునకు మంత్రివర్యులు దయసేయు సమాధానపు తొలిపంక్తి తరచుగా నొక్కటే: భూమియు, ఆవాసకల్పనయు రాష్ట్రముల విషయములు. పిదప పట్టిక, అందు మంజూరైనవి, మొదలిడినవి, పూర్తియైనవి యని మూడు గడులు, కన్నుల పండువ మొదటి గడియే. 2022 నాటికి అందరికిని ఇల్లు అని 2015లో బయలుదేరిన పథకపు గడువు, పాపము, తానే అద్దెకున్నదానివలె సామాను సర్దుకొని 2024 డిసెంబరునకును, అటనుండి మరియొక యేటికిని కాపురము మార్చినది. అనుబంధ ప్రశ్నకు సభ్యుడు నోరు తెరచునంతలో ప్రశ్నల గంట ముగిసి పండ్రెండు కొట్టును. పేదవాని యింటి అద్దెకు మాత్రము గడువు పొడిగింపు లేదు. అది ఒకటవ తారీఖునకే చెల్లవలెను.